బెజవాడ ఎండలో కారు ఏసీ: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

మా బావమరిది ఉండేది గుంటూరు కొరిటెపాడులో. మార్చిలో ఒకరోజు ఫోన్ చేసి, "బావా, రెండు కార్లు చూశా. ధర ఇంచుమించు ఒకటే. చిన్న కారైతే టాప్ మోడల్ వస్తది, ఆటోమేటిక్ ఏసీ, సన్‌రూఫ్ అన్నీ ఉన్నాయి. కొంచెం పెద్దదైతే మధ్య మోడలే వస్తది. తిప్పుడు నాబ్ ఏసీ, కానీ వెనక సీటుకి ఏసీ వెంట్లున్నాయి. ఏది తీసుకోమంటావ్?" అన్నాడు.

"వెనక ఎవరు కూర్చుంటార్రా?"

"అమ్మ, పిల్లలిద్దరూ."

"మరింకేం, పెద్దదే తీసుకో" అనేసి ఫోన్ పెట్టేశాను. వాడు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. సాయంత్రానికి షోరూంలో విన్న మాటలన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ చేశాడు. ఆ రోజు గంటన్నర సేపు మాట్లాడుకున్నదే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. షోరూం చల్లగాలిలో నిలబడి వినే మాటలకీ, రోహిణి కార్తెలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తెలిసొచ్చే సంగతులకీ చాలా దూరం.

చల్లగాలి ఎక్కడ పుడుతుంది

చేతి మీద స్పిరిట్ పూస్తే చల్లగా అనిపిస్తుంది కదా, ఏసీ కూడా అంతే. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని పక్కనున్న దానిలోంచి లాక్కుంటుంది. మన దేశంలో ఎక్కువ కార్లలో ఉండే గ్యాస్ ఆర్-134ఏ. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. డాష్‌బోర్డు లోపల, గ్లవ్ బాక్స్ వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఈ గ్యాస్ మరుగుతూ ఉంటుంది, బ్లోయర్ ఆ కాయిల్ మీదుగా గాలిని తోస్తుంది. ఆ గాలే మన ముఖానికి తగిలేది. కాయిల్‌లో వేడి పీల్చుకున్న గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కి పట్టి ముందు బంపర్ వెనక, రేడియేటర్‌కి ముందుండే కండెన్సర్‌కి పంపుతుంది. అక్కడ వేడి బయటికి పోయి గ్యాస్ మళ్ళీ ద్రవమవుతుంది. సన్నటి రంధ్రమున్న ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, తిరిగి కాయిల్‌లో మరగడం మొదలుపెడుతుంది. లోపలి వేడిని ఎత్తి బయట పారబోసే కూలీ లాంటిది ఈ గ్యాస్.

ఇంతవరకు తెలిస్తే సిగ్నల్ దగ్గర ఏసీ ఎందుకు నీరసపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెట్రోలు, డీజిల్ కార్లలో కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. మంగళగిరి దాటి హైవే మీద పోతుంటే ఇంజిన్ జోరుగా తిరుగుతుంది, కండెన్సర్‌కి ఎదురుగాలి తగులుతుంది, లోపల ఊటీలా ఉంటుంది. అదే బందరు రోడ్డులో ఆగితే ఇంజిన్ నిమిషానికి 700, 800 చుట్లకు పడిపోతుంది, కంప్రెసరూ దానితోపాటే నెమ్మదిస్తుంది. కండెన్సర్‌కి ఫ్యాన్ గాలే దిక్కు. పైగా ముందు నిలబడ్డ బస్సు సైలెన్సర్ వేడంతా దాని మీదికే. అమ్మే కుర్రాడు టెస్ట్ డ్రైవ్‌కి ఖాళీ రోడ్డు చూసి తీసుకెళ్తాడంటే ఊరికే కాదు.

మన ఊళ్ళ సంగతి ఇంకొకటుంది. ఢిల్లీ వేడి వేరు, మన వేడి వేరు. ఇక్కడ మధ్యాహ్నం వడగాడ్పు, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఉక్కపోత. కూలింగ్ కాయిల్ గాలిని చల్లబరచడమే కాదు, గాల్లోని తేమని నీళ్ళుగా మార్చి కారు కిందకి కార్చాలి. ఆ నీళ్ళు ఊరికే రావు. గంటకు లీటరు నీళ్ళు కారాయంటే ఏసీ శక్తిలో దాదాపు 675 వాట్లు ఆ నీళ్ళు తీయడానికే పోయాయని లెక్క. ఉక్కపోత రోజున ఎండ తగ్గినా ఏసీ మొరాయిస్తున్నట్టు అనిపించేది అందుకే.

చిన్న కారు క్యాబిన్ మన పూజ గదంత ఉండదు. అయినా దాని ఏసీ సామర్థ్యం ఇంట్లో టన్ను, టన్నున్నర ఏసీకి దీటుగా పెడతారు. చుట్టూ అద్దాలే కదా. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు కుమ్మరిస్తుంది.

నాబ్ ఏసీనా, ఆటోనా

వాడి మొదటి సందేహం ఇదే. "ఆటో అయితే ఎక్కువ కూలింగ్ వస్తదంట కదా బావా?"

రాదు. ఒకే కారులో నాబ్ ఉన్న మోడల్‌కీ, ఆటో ఉన్న మోడల్‌కీ సాధారణంగా కంప్రెసర్, కండెన్సర్, కాయిల్ అన్నీ ఒకటే. తేడా అంతా ఎవరు తిప్పుతారన్న దగ్గరే. మాన్యువల్‌లో మీరు తిప్పుతారు, ఆటోలో చిన్న కంప్యూటర్ తిప్పుతుంది. క్యాబిన్ వేడి చూసే సెన్సర్ ఒకటి, ముందు అద్దం కింద ఎండ తీవ్రత చూసేది ఒకటి, బంపర్ దగ్గర బయటి ఉష్ణోగ్రత చూసేది ఒకటి ఉంటాయి. మీరు 24 పెడితే బ్లోయర్ వేగం, గాలి పైకా కాళ్ళకా, చల్లగాలిలో వేడి ఎంత కలపాలి అన్నది అదే చూసుకుంటుంది. ఇదేం కొత్త సంగతి కాదు, అమెరికాలో క్యాడిలాక్ వాళ్ళు 1964 మోడల్‌లోనే తెచ్చారు.

చల్లగాలిలో వేడి కలపడమేమిటని వాడికి అనుమానం. హీటర్ ఉన్న చాలా కార్లలో ఏసీ కాయిల్ పక్కనే ఇంజిన్ వేడి నీళ్ళు తిరిగే హీటర్ కాయిల్ ఉంటుంది. రెండిటి మధ్యా ఒక చిన్న తలుపు. నాబ్‌ని నీలం నుంచి ఎరుపు వైపు జరిపితే ఆ తలుపు తెరుచుకుని వేడిగాలి కలుస్తుంది. కొన్ని కార్లలో కంప్రెసర్ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అంటే చల్లదనానికీ పెట్రోలు కాల్చి, దాన్ని మళ్ళీ వేడి చేస్తున్నామన్నమాట. అందుకని మాన్యువల్ ఏసీ కారులో చలేస్తే ముందు బ్లోయర్ తగ్గించి చూడండి, తర్వాతే నాబ్ జోలికి వెళ్ళండి.

మేలో మధ్యాహ్నం పటమట నుంచి వన్‌టౌన్‌కి అరగంట ప్రయాణమైతే ఆటో ఏసీ కూడా మీరు పెట్టేదే పెడుతుంది: ఫుల్ బ్లోయర్, ఫుల్ కూలింగ్. అది తెలివి చూపించే సందు దొరికేలోపే ఇల్లొస్తుంది. హైదరాబాద్, తిరుపతి తరచుగా వెళ్ళేవాళ్ళకి, పొద్దున బయల్దేరి రాత్రి దాకా నడిపేవాళ్ళకి ఆటో నిజంగా సుఖం. ఎండ పోయి మబ్బు పట్టినా, రాత్రయి చల్లబడినా చెయ్యి పెట్టక్కర్లేదు. నడిపేటప్పుడు ఏసీతో కుస్తీ పట్టే అలవాటున్న మావాడి లాంటి వాళ్ళకీ మంచిదే. కానీ దాని కోసం వెనక వెంట్లు వదులుకోవడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇక్కడో చిన్న మోసం కూడా ఉంది. తెర మీద అంకెలు కనిపించినంత మాత్రాన ఆటో ఏసీ అయిపోదు. కొన్నిటిలో బటన్లు మాత్రమే డిజిటల్, లోపలంతా మామూలే. ఆటో అని రాసిన బటన్ ఉందా, 24 పెట్టి వదిలేస్తే బ్లోయర్ తనంతట తనే తగ్గుతోందా అని చూసుకోండి.

వెనక సీటు మాట

ముందు డాష్‌బోర్డు వెంట్ల నుంచి వచ్చే గాలి వెనక కూర్చున్నవాళ్ళ దాకా పోవాలంటే రెండు సీట్ల మధ్య సందులోంచి దూరాలి. ముందు కూర్చున్నవాళ్ళు చలికి మెడ ముడుచుకునేసరికి వెనకాల పిల్లలకి ఇంకా చెమట ఆరదు. మా అత్తగారు వెనక కూర్చుంటే కొంగుతో విసురుకుంటూనే ఉండేవారు, నేనేమో ముందు మఫ్లర్ చుట్టుకునేలా ఉండేవాణ్ణి.

వెనక వెంట్లన్నీ ఒకటి కావు. చాలా కార్లలో ముందు సీట్ల మధ్య ఉన్న పెట్టె వెనకాల రెండు వెంట్లు ఇస్తారు. ముందు కాయిల్‌లో చల్లబడిన గాలిలోనే కొంత గొట్టం ద్వారా వెనక్కి వస్తుంది. కూలింగ్ పెరగదు, పంపకం మారుతుంది. అదే చాలు చాలామందికి. కొన్ని కార్లలో పైకప్పుకి బిగించిన బ్లోయర్ ఉంటుంది. కొన్నిటిలో అది లోపలి గాలినే తీసుకుని వెనక్కి తోసే ఫ్యాన్ మాత్రమే, కొన్నిటిలో నిజంగా రెండో కూలింగ్ కాయిల్ ఉంటుంది. ఇన్నోవా లాంటి పెద్ద బళ్ళలో వెనక వేరే కాయిల్ ఉండబట్టే మూడో వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తిట్టుకోకుండా ప్రయాణం చేస్తారు. ఏడు సీట్ల బండి కొనేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: వెనక కాయిల్ ఉందా, ఉత్త ఫ్యానా? సేల్స్ కుర్రాడికి తెలియకపోతే సర్వీస్ సెక్షన్‌లో మెకానిక్‌ని అడగండి, ఒక్క మాటలో చెప్పేస్తాడు.

ఏ రకమైనా వెనక గాలి చల్లగా రావడానికి కొంత సమయం పడుతుంది. గొట్టం వేడెక్కి ఉంటుంది కదా.

సన్‌రూఫ్, గాలి ఆడే సీట్లు, రంగు

సన్‌రూఫ్ గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మన ఎండలకి నెత్తి మీద అద్దం పెట్టించుకోవడం చేతి డబ్బు పెట్టి వేడి కొనుక్కోవడమే. రేకు కప్పుకైతే కింద దళసరి లైనింగ్ ఉంటుంది. పెద్ద పనోరమిక్ రూఫ్‌కి కొన్ని కార్లలో పల్చటి గుడ్డ తెరే దిక్కు. పిల్లలు తల బయటికి పెడతారని సరదా పడితే అది ప్రమాదం కూడా. డిసెంబరులో సాయంత్రాలు బాగుంటుంది, కాదనను. ఏడాదిలో అవి ఎన్ని రోజులు?

అదే డబ్బుకి గాలి ఆడే సీట్లు దొరికితే తీసుకోండి. సీటు లోపల చిన్న ఫ్యాన్లుంటాయి, సీటు కవరుకున్న సన్నటి రంధ్రాల్లోంచి గాలి ఆడుతుంది. వాటికి సొంతంగా చల్లదనం ఉండదు, క్యాబిన్ గాలినే వాడుకుంటాయి. అందుకే ఎండలో నిలిపిన కారెక్కగానే వేస్తే మొదట వేడిగానే ఉంటుంది. క్యాబిన్ చల్లబడ్డాక మాత్రం వీపుకి చొక్కా అతుక్కోదు. ఉక్కపోత ఊళ్ళో ఇది ఏసీ కూలింగ్ ఒక మెట్టు పెంచినంత సుఖం.

పైసా ఖర్చు లేని ఎంపిక రంగు. ఎండలో నిలిపినప్పుడు నల్ల కారు లోపలికంటే తెల్ల కారు, వెండి రంగు కారు లోపల ఐదారు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. మావాడికి నల్ల కారంటే ప్రాణం. నేనేం మాట్లాడలేదు, ఒకసారి మధ్యాహ్నం రెండింటికి పక్కింటివాళ్ళ నల్ల కారు డోరు హ్యాండిల్ పట్టుకోమన్నాను.

అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయిస్తే సరిపోతుందనే వాళ్ళున్నారు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కూడదంది. నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురు రానివ్వాలి. రోడ్డు మీద పోలీసులతో బేరాలు పెట్టుకోవడం నాకిష్టం ఉండదు. పైగా ఎండ వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన అవన్నీ ఆగవు. వేడిని ఆపే అద్దాలు కంపెనీయే ఇస్తుంటే సంతోషం. లేదా నిలిపినప్పుడు ముందద్దం లోపల పరిచే వెండి రేకు తెర కొనుక్కోండి. చెట్టు నీడ దొరికితే అదీ అక్కర్లేదు, కాకుల సంగతి మీ అదృష్టం.

బయటి గాలా, లోపలి గాలా

ఈ బటన్‌ని చాలామంది కారు కొన్న రోజున ఒకసారి నొక్కి మళ్ళీ ముట్టుకోరు. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ కాయిల్ గుండా పోతుంది. బాణం బయటి నుంచి లోపలికి ఉంటే తాజా గాలి వస్తుంది. మధ్యాహ్నం 43 డిగ్రీల గాలిని 24కి దించడం కంటే, అప్పటికే 28కి వచ్చిన గాలిని ఇంకాస్త దించడం తేలిక. అందుకని వేసవిలో లోపలి గాలే మేలు.

అయితే మొదటి నిమిషంలో మాత్రం కాదు. ఎండలో నిలిపిన కారు లోపల గాలి బయటికంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఒక వైపు వెనక అద్దం దించి, ఎదురు వైపు ముందు తలుపు నాలుగైదుసార్లు విసనకర్రలా తీసి వేయండి. తర్వాత అద్దాలు దించుకునే ఒక నిమిషం నడిపి, అప్పుడు మూసి లోపలి గాలికి మార్చండి. నేను చెప్పినప్పుడు అందరూ నవ్వినవాళ్ళే, ఒకసారి చేశాక మాత్రం ఎవరూ మానలేదు.

లోపలి గాలితోనే గంటల తరబడి పోకూడదు. నలుగురు ఊపిరి పీల్చి వదులుతుంటే అరగంటలోనే లోపల కార్బన్ డయాక్సైడ్ బయటికంటే ఎన్నో రెట్లవుతుంది. డ్రైవర్‌కి కళ్ళు మూతలు పడతాయి, మనం భోజనం మీదికి తోసేస్తాం. హైవే మీద ప్రతి ఇరవై నిమిషాలకొకసారి ఐదు నిమిషాలు తాజా గాలికి మార్చండి. షెడ్డు మూసి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీలో పడుకోవడం మాత్రం ప్రాణాంతకం. అక్కడ ప్రమాదం పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌తో, దానికి వాసన కూడా ఉండదు.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. అద్దం లోపలి వైపు ఆవిరి పడితే ఏసీ వేసి, తాజా గాలి పెట్టి, గాలిని అద్దం మీదికి తిప్పాలి. ఏసీ తేమని లాగేస్తుంది. జులైలో మన ఊళ్ళో ఎక్కువగా జరిగేది రెండోది, అద్దం బయటి వైపు మసకబారడం. లోపలి చల్లదనానికి అద్దం చల్లబడి బయటి తేమ దాని మీద పడుతుంది. దీనికి ఏసీ ఇంకా పెంచితే ఇంకా మసకేస్తుంది. వైపర్ వేసి, గాలిని అద్దం మీద నుంచి తప్పించి, కూలింగ్ కాస్త తగ్గించాలి. ఏ వైపు మసకో వేలితో రాసి చూస్తే తెలిసిపోతుంది.

మిర్చి ఘాటు, పొగ, ఫిల్టరు

గుంటూరులో ఉండేవాళ్ళకి ఈ బటన్ విలువ నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి యార్డు పక్కనుంచి పోతే కారులో అందరూ ఒకేసారి దగ్గుతారు. "కార్బన్ ఫిల్టర్ వేయిస్తే ఘాటు రాదన్నారు బావా, వేయించనా?" అని అడిగాడు మావాడు.

వాసన వేరు, ఘాటు వేరు. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ గాల్లో ఆవిరై తిరిగే పదార్థం కాదు, కాయలు కదిపినప్పుడు లేచే సన్నటి ధూళి మీదెక్కి వస్తుంది. ధూళిని ఆపడానికి, కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే మామూలు క్యాబిన్ ఫిల్టరే చాలావరకు సరిపోతుంది, అది శుభ్రంగా, సరిగ్గా కూర్చుని ఉంటే. కార్బన్ పొర పనికొచ్చేది వాయువులకీ వాసనలకీ: లారీ పొగ, కాలవ కంపు. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం వైపు రోజూ లారీల వెనకాల పోయేవాళ్ళకి కార్బన్ ఫిల్టర్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. యార్డు దగ్గర ఉండేవాళ్ళు ఆ డబ్బుతో మామూలు ఫిల్టర్‌నే రెండుసార్లు మార్చుకోవడం మంచిది. ఏ ఫిల్టరైనా యార్డు దాటేదాకా లోపలి గాలి పెట్టుకోవాల్సిందే.

కొన్ని కార్ల కింది మోడళ్ళలో ఫిల్టర్ పెట్టే గూడు ఉండి ఫిల్టర్ ఉండదు. గ్లవ్ బాక్స్ విప్పి చూడండి. ఉన్నదాన్ని కంప్రెసర్ గాలితో ఊది మళ్ళీ పెట్టే షెడ్లున్నాయి. ఊదితే దుమ్ము పోతుంది, పోగులు చిరుగుతాయి. ఫిల్టర్ మూసుకుపోతే బ్లోయర్ నాలుగులో పెట్టినా గాలి రాదు. జనం దాన్ని గ్యాస్ తగ్గిందనుకుని షెడ్డుకి పరిగెత్తుతారు.

పెట్రోలు, సీఎన్‌జీ, హైబ్రిడ్, కరెంటు

ఇది మావాడి ప్రశ్నల్లో లేదు, నేనే ఎత్తాను. ఏసీ ఒక్కటే చూస్తే కరెంటు కారుకి సాటి లేదు. దాని కంప్రెసర్‌కి సొంత మోటారు ఉంటుంది, బ్యాటరీతో తిరుగుతుంది. కారు కదిలినా ఆగినా ఒకే జోరు, కాబట్టి సిగ్నల్ దగ్గర నీరసం ఉండదు. ఫోన్‌లోంచే ఏసీ వేసి ఐదు నిమిషాల తర్వాత వెళ్ళి చల్లటి కారు ఎక్కొచ్చు. పొగ ఉండదు. అయితే ఎండలో నిలిపిన కారు చల్లబడేదాకా బ్యాటరీ బాగా తాగుతుంది, తర్వాత తగ్గుతుంది. చాలా కరెంటు కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఇదే గ్యాస్ కాబట్టి మే నెలలో రేంజ్, అంటే ఒక చార్జింగ్‌తో పోయే దూరం, కొంత తగ్గుతుందని అనుకునే కొనాలి.

ఇంజిన్‌తో పాటు, కొంత దూరం తనొక్కటే కారుని నడపగల కరెంటు మోటారు కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లోనూ కంప్రెసర్ కరెంటుదే. మోటారు ఇంజిన్‌కి చెయ్యందించడమే తప్ప కారుని ఒంటరిగా నడపలేని మైల్డ్ హైబ్రిడ్‌లలో చాలావాటిలో అది బెల్టుదే. సిగ్నల్ దగ్గర పెట్రోలు ఆదా కోసం ఇంజిన్ తనంతట తనే ఆగిందంటే వచ్చేది ఉత్త బ్లోయర్ గాలి. మన ఊళ్ళో వేసవంతా ఇంజిన్ అలా ఆగకుండా ఆ సౌకర్యాన్ని బటన్‌తో ఆఫ్ చేసుకుని తిరగాల్సిందే.

ఒక లీటరు ఇంజిన్ కారు, అందులో సీఎన్‌జీ, నలుగురు మనుషులు, ఏసీ. వారధి ఎక్కేటప్పుడు పికప్ ఏమవుతుందో ఒకసారి నడిపి చూశాకే డబ్బు కట్టండి. బెల్టు కంప్రెసర్ జోరు మీదుంటే ఇంజిన్ నుంచి రెండు మూడు కిలోవాట్లు లాక్కుంటుంది, చిన్న ఇంజిన్‌కి అది తక్కువేం కాదు. ఇంజిన్ మీద భారం కాస్త తేలిగ్గా ఉండేవి వేరియబుల్ కంప్రెసర్లు. మామూలువి టక్‌మని పట్టుకుని, టక్‌మని వదులుతుంటాయి. ఇవి అవసరం మేరకు కొద్దికొద్దిగా తగ్గుతాయి, పెరుగుతాయి.

లారీల వాళ్ళకి ఇదంతా ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. 2025లో మొదలుపెట్టి, కొత్తగా తయారయ్యే 3.5 టన్నులు దాటిన సరుకు బళ్ళ క్యాబిన్లకి ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆటోనగర్‌లో తరతరాలుగా లారీలు కట్టించుకున్న ఊరు మనది. ఇంజిన్ పక్కన కూర్చుని తుండు గుడ్డ తడుపుకుని మెడ చుట్టూ వేసుకున్న డ్రైవర్లని చూసినవాళ్ళకి ఈ నిబంధన ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలుసు.

గ్యాస్ పట్టించడమా, లీకు వెతికించడమా

కొన్నాక వచ్చే పెద్ద ఎంపిక ఇదే, నేను డబ్బు పోగొట్టుకున్నదీ ఇక్కడే. నా పాత కారుకి వరసగా మూడు వేసవులు గ్యాస్ పట్టించాను. ప్రతిసారీ ఒకే షెడ్డు, ఒకే మాట: "గ్యాస్ అయిపోయింది సార్." గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. ఏళ్ళ మీద కొద్దిగా తగ్గితే తగ్గొచ్చు గానీ, ఏడాదికే ఖాళీ అయిందంటే ఎక్కడో లీకున్నట్టే. నాలుగో ఏడు ఇంకో మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో గొట్టాలన్నీ చూసి, ఏమీ దొరక్క డాష్‌బోర్డు విప్పాడు. కూలింగ్ కాయిల్ మూలన నూనె మరక. అక్కడే పోతోంది.

రెండు పద్ధతులు దొరుకుతాయి. గేజి పెట్టి, సీసాలోంచి చూసుకుంటూ పట్టించేది ఒకటి. ఉన్న గ్యాస్‌ని లాగి తూచి, వాక్యూం కొట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కన ఎక్కించే మిషను ఇంకొకటి. మిషనుకే నా ఓటు. చిన్న కారుకి మొత్తం పట్టేదే అర కిలో అటూఇటూ. ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. వాక్యూం కొట్టకపోతే గొట్టాల్లో తేమ ఉండిపోతుంది. మరీ చవకగా పట్టిస్తామనే చోట మండే గ్యాస్ కలిపే ప్రమాదం కూడా ఉంది. ఇంకో జాగ్రత్త: కొన్ని ఖరీదైన కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది. 134ఏ భూమిని వేడెక్కించే గుణం చాలా ఎక్కువని యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని ఆపేశారు. కొత్త గ్యాస్ ఖరీదు, కాస్త మండే రకం. ఒకదానిలో ఇంకొకటి పోయకూడదు. స్టిక్కర్ చూపించి మరీ చెప్పండి.

షెడ్డుకి పోయేముందు ఇంట్లోనే చూసుకోవలసినవి కొన్నున్నాయి. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకుంటే మెల్లగా నీళ్ళు కొడితే పోతాయి. ప్రెజర్ పంపు దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ముందు సీటు కాళ్ళ దగ్గర తడిగా ఉంటే గ్యాస్ కాదు, నీళ్ళు పోయే గొట్టం మూసుకుంది. ఏసీ వేయగానే తడిగుడ్డ వాసన వస్తే కాయిల్ మీద బూజు. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచితే కాయిల్ ఆరుతుంది, వాసన రాదు. ఎలుకలకి ఏసీ ఫిల్టర్ అంటే ఎందుకంత ఇష్టమో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

చివరికి మావాడు

ఏప్రిల్ రెండో వారంలో రెండు కార్లూ నడిపి చూద్దామని వచ్చాడు. నేను పెట్టిన షరతులు రెండే. మధ్యాహ్నం రెండు దాటాక చూడాలి, అత్తగారూ పిల్లలూ వెనక కూర్చోవాలి. ఒక్కో కారుని షోరూం ముందు ఎండలో ముప్పావు గంట నిలబెట్టించాం. అమ్మే కుర్రాడు కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ కాదనలేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే చిన్న థర్మామీటర్ తీసుకెళ్ళి, తీగ ఒకసారి ముందు వెంట్‌లో, ఒకసారి వెనక సీటులో తల ఎత్తున పెట్టాను. హైవే మీద రెండూ బాగానే చల్లబడ్డాయి. రామవరప్పాడు రింగు దగ్గర ఇరుక్కున్నప్పుడే అసలు రంగు బయటపడింది. చిన్న కారులో ముందు హాయిగా ఉంది, తెర మీద 24 అని కూడా ఉంది. వెనక థర్మామీటర్ 30 దగ్గర నుంచి కదలదు. ఆటో ఏసీ సెన్సర్ ఉన్నది డాష్‌బోర్డులో కదా, దానికి వెనక ఉన్నవాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది?

పెద్ద కారులో చిన్నవాడు వెనక వెంట్‌కి ముఖం ఆనించి కూర్చున్నాడు. అత్తగారు కొంగు విసురుకోవడం ఆపి, కాసేపయ్యాక, "అబ్బాయ్, ఇటు గాలి కొంచెం పక్కకి తిప్పరా, చెవుల్లో కొడతంది" అన్నారు.

తెల్లది బుక్ చేశాడు.